ఉత్ప్రేరకమని రాయకు

తిరుపతిలో నవంబరు వాన.
ల్యాబు కిటికీలో కొండ లేదు,
కొండ ఉండాల్సిన చోట మబ్బు కూర్చునుంది.
ఎగ్జాస్టు ఫ్యాను ఆగి మూడు రోజులు.

నిన్న రాత్రి, ఆర్గాన్ కింద,
పొటాషియం తాగిన గ్రాఫైట్ కంచు రంగు తిరిగింది.
ఎనిమిది కార్బన్లకు ఒక పొటాషియం.
చింతపండుతో తోమిన పాత చెంబు రంగు.
మూత ఎక్కడో రొవంత వదులైనట్టుంది,
వడపోత కాగితం మీదే నిప్పు లేచింది.
మొగిలప్ప బకెట్టు ఇసక కుమ్మరించి
"చెమ్మగాలి తగిల్తేనే ఇంత కోపమా దీనికి" అన్నాడు.
ముప్పయ్యేళ్ళుగా ఇక్కడ గాజు కడుగుతున్న మనిషి.
ఏ ఫ్లాస్కు ఎవరి చేతిలో పగిలిందో
తారీఖుతో సహా చెప్తాడు.

ఈ రోజు కంచు వద్దు. నీలం.

గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో గ్రాఫైట్ కడ్డీ ముంచి
ధన ధ్రువానికి కట్టి, స్టూలు మీద కూర్చున్నా.
పెన్సిల్ లోపలి నలుపే అది.
పొర మీద పొర, పొరకూ పొరకూ పెద్ద పట్టింపు లేదు,
అందుకే కాగితం మీద జారి అక్షరమవుతుంది.
ఆ పట్టింపు లేని సందులోకే యాసిడ్ దూరింది.
మూడు ఆంగ్‌స్ట్రాముల చిల్లర చోటు
ఎనిమిదికి సాగింది. కడ్డీ ఒళ్ళు చేసింది.
వాలుగా చూస్తే, నీలం.

"బ్రమ్మోత్సవాల్లో లాడ్జి మాదిరి ఉబ్బిందే" అన్నాడు మొగిలప్ప,
"నడవాలో గూడా చాపలేసినారు."

ఇక బ్యూటిరిక్ యాసిడ్ సీసా తెరిచా.
ముక్కిపోయిన నెయ్యి.
మొగిలప్ప మాట్లాడకుండా వరండాలోకి నడిచాడు.
స్పిరిటు కలిపి, నీలం పొడి చల్లి,
మంట పెట్టలేదు, మరగనివ్వలేదు.
అడుగున చిన్న అయస్కాంతం తిరుగుతూనే ఉంది.
నేను సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి నంజుకుని
చెయ్యి కడుక్కొచ్చేసరికి
గదిలో కంపు లేదు.
పండు.

అమ్మ వాసన అని రాయాలనిపించింది. అబద్ధం.
అది చిత్తూరు రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ గేటు వాసన.
జూన్ నెల, బెంగళూరా కాయల లారీలు
రెండ్రోజులుగా కదలక,
అడుగు కాయలు కారి తారు రోడ్డు జిగటై,
టన్ను ధర మళ్ళీ పడిందని విన్న రైతొకాయన
స్టీరింగు మీద నుదురు ఆనించి నిద్రపోతున్నట్టు నటిస్తుంటే,
లోపల బల్ల దగ్గర నిలబడి
అమ్మ ముచ్చికలు కోసేది.
సొనకు వేళ్ళ సందులు పొక్కేవి.
ఎంత రుద్దినా రాత్రి సంగటి ముద్దలో ఆ తీపి.
ఇప్పటికీ మామిడి ముట్టదు.

సాయంత్రం దేవసహాయం సార్ నోటుబుక్కు తిప్పి
ఒక మాట మీద గీత పెట్టారు.
"ఉత్ప్రేరకమని రాయకు.
ఉత్ప్రేరకం పని చేయించి
వచ్చినట్టే లేచిపోతుంది, ఒంటికి ఏమీ అంటదు.
ఇది పుట్టిన నీళ్ళన్నీ తాగింది.
లోపల దాచుకున్నది పోగొట్టుకుంది.
కారకమని రాయి."

రాశాను.
వడపోసిన పొడి మళ్ళీ నల్లబడింది.
వేలితో కాగితం మీద రుద్ది చూశా:
గీత పడింది గానీ పెచ్చులు పెచ్చులుగా,
పెన్సిల్ గీత కాదు.
"పారేసేదా మ్మే?" అన్నాడు మొగిలప్ప.
చిన్న సీసాలో పోసి తేదీ అంటించా.
ఎందుకో అడగలేదు.

శనివారం చిత్తూరు బస్సు దిగి ఇంటికి పోతే
అమ్మ నా చున్నీ అంచు పట్టుకుని
ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది.
మళ్ళీ ఒకసారి.
"కాయల కాలం గాదే ఇది," అంది,
"యా ఫ్యాక్టరీలో చేరినావు, నాకు చెప్పకుండా?"